చక్రం తిప్పితేనే లేచే బోర్డు: రాయగడ రేకుల మిషన్‌లో హార్డ్‌వేర్ కౌంటర్ ఆన్ చేసిన కేసు

రాయగడ ఊరి బయట, పార్వతీపురం వైపు పోయే రోడ్డు మీద, కలర్ కోటెడ్ రేకులు చేసే షెడ్డు ఒకటుంది. రోల్ ఫార్మింగ్ మిషన్‌లోకి ఒకవైపు నుంచి కాయిల్ ఎక్కుతుంది, రోలర్ల మధ్య వంపులు తిరిగి రెండోవైపు రేకుగా బయటికొస్తుంది. అడిగిన పొడవు రాగానే లైన్ ఆగి హైడ్రాలిక్ షియర్ కోస్తుంది. పొడవు కొలిచేది రేకు మీద ఆనుకుని తిరిగే రబ్బరు అంచు చక్రం, దాని ఇరుసుకి బిగించిన, తిరిగేకొద్దీ పల్సులు పంపే ఎన్‌కోడర్. లెక్క చూసి మోటారు ఆపేది ప్యానెల్‌లో కూర్చున్న బీగల్‌బోన్ బ్లాక్ బోర్డు, లినక్స్ మీద నడిచే చిన్న కంప్యూటర్.

షావుకారు గారి ఫిర్యాదులు రెండు. రేకులు కొన్నిసార్లు అడిగినదానికన్నా పొడుగ్గా వస్తున్నాయి. కరెంటు పోయి వచ్చాక ఒక్కోసారి బోర్డు లేవడం లేదు. కాలబైశాఖి (ఎండాకాలపు ఈదురు) గాలులు మొదలైతే ఇక్కడ సాయంత్రం పూట కరెంటు ఎన్నిసార్లు పోతుందో చెప్పలేం, కాబట్టి రెండోది ఆయనకి పెద్ద టెన్షన్. బోర్డు పాడైందనుకుని కొత్తది కూడా తెప్పించి పెట్టారు. కొత్తదీ అలాగే చేసింది.

అసలు ఆధారం ఇచ్చింది మిషన్ నడిపే పెద్దాయన. "సక్రం కాసింత తిప్పి మళ్లీ స్విచ్చి ఎయ్యాలి బాబూ. అలాగైతే లెగుస్తాది, నేకపోతే లెగదు." షెడ్డులో అందరూ దీన్ని ఆయన చేతి అలవాటు అనుకున్నారు. పక్కన కాయిల్ ఎక్కించే ఒడియా కుర్రాడు కూడా అదే చెప్పాడు, "అవునాజ్ఞా, చక్రం తిప్పాలి" అని. ఇద్దరు మనుషులు ఒకే మాట చెబుతుంటే దాన్ని నమ్మి అక్కడి నుంచే వెతకాలి. కొలత చక్రానికీ బోర్డు బూట్ కావడానికీ మామూలుగా ఏ సంబంధమూ ఉండకూడదు. ఇక్కడ ఉందంటే, ఎన్‌కోడర్ తీగలు బోర్డులో రాకూడని చోటికి వచ్చాయని అర్థం.

ముందు పొడవు సంగతి

ఎన్‌కోడర్ చుట్టుకి 600 పల్సులది, ఎన్‌పిఎన్ ఓపెన్ కలెక్టర్ రకం, 12 వోల్టుల మీద నడుస్తోంది. ఎ, బి అని రెండు లైన్లు, ఒకదానికొకటి పావు పల్సు వెనక. రెండు లైన్ల ఎక్కే అంచులు, దిగే అంచులు (వోల్టేజీ పైకి, కిందికి మారే క్షణాలు) అన్నీ లెక్కిస్తే చుట్టుకి 2400. చక్రం చుట్టుకొలత 300 మిల్లీమీటర్లు, అంటే ఒక్కో లెక్క 0.125 మిల్లీమీటరు. 12 అడుగుల రేకు 3657.6 మిల్లీమీటర్లు కాబట్టి దాదాపు 29,261 లెక్కలు రావాలి. లైన్ నిమిషానికి 15 మీటర్లు నడిస్తే సెకనుకి 2000 అంచులు.

అంతకుముందు ప్యానెల్ కట్టినవాళ్లు ఈ 2000 అంచులనీ జీపీఐఓ ఇంటరప్టులతో (పిన్ మారిన ప్రతిసారీ ప్రాసెసర్‌ని పిలిచే పద్ధతి), పైథాన్ ప్రోగ్రామ్‌లో లెక్కించారు. టేబుల్ మీద చేత్తో ఇరుసు తిప్పి చూస్తే ఆ పద్ధతి చక్కగా పనిచేస్తుంది, అందుకే చాలామంది దాన్నే వాడతారు. నడుస్తున్న లైన్ మీద కథ వేరు. ఒక అంచు సంగతి చూస్తుండగా ఇంకో రెండు వచ్చేస్తే, లినక్స్ కెర్నల్ దగ్గర మిగిలేది "ఏదో జరిగింది" అన్న ఒక్క గుర్తే. ఎన్నిసార్లు జరిగిందో ఉండదు. అదే సమయంలో ప్రోగ్రామ్ లాగ్ ఫైల్ రాస్తోందంటే ఇంకా ఆలస్యం.

తప్పు ఏ వైపు ఉందో చూస్తే కారణం సగం తెలిసిపోతుంది. లెక్కలు తప్పిపోతే బోర్డుకి పొడవు ఇంకా రాలేదనిపిస్తుంది, రేకు పొడుగవుతుంది. దొంగ పల్సులు చేరితే రేకు పొట్టి అవుతుంది. ఇక్కడ ఎప్పుడూ పొడుగే. కానీ చక్రం జారినా పొడుగే వస్తుంది కాబట్టి ఆ రెండిటినీ విడదీయాలి.

అందుకు చక్రం మీద సుద్దముక్కతో ఒక గీత గీశాం. 12 అడుగుల రేకుకి చక్రం 12 చుట్లూ, ఇంకో చుట్టులో ఐదో వంతుకి కాస్త తక్కువా తిరగాలి. సెకనుకి ఒక చుట్టు కూడా ఉండదు కాబట్టి కంటితో లెక్కపెట్టొచ్చు. లైన్ నెమ్మదిగా నడిపితే గీత ఆగాల్సిన చోటే ఆగింది, టేపు కూడా 12 అడుగులే చూపింది. పూర్తి వేగంలో గీత సుమారు 30 డిగ్రీలు దాటి ఆగింది, టేపులో అంగుళం ఎక్కువ. 300 మిల్లీమీటర్ల చక్రానికి 30 డిగ్రీలంటే 25 మిల్లీమీటర్లు, అదే ఆ అంగుళం. రేకు ఎంత పోయిందో చక్రం అంతే తిరిగింది, జారలేదు. పోయినవి బోర్డు లెక్కలే, దాదాపు 200.

12 అడుగుల రేకుకి అంగుళం అంటే కొన్నవాడు గొడవ పెట్టుకోడు. కానీ 144 రేకులకి ఒక రేకు ఊరికే పోతోంది. పైగా అన్నీ సమానంగా పొడుగైనా బాగుండేది. కొన్ని సరిగ్గా వచ్చి కొన్ని పెరిగితే చూరు దగ్గర అంచులు ఎగుడుదిగుడుగా కనిపిస్తాయి.

ఇక బూట్ సంగతి

పాత ప్యానెల్‌లో ఎ లైన్ పి8 హెడర్ (బోర్డు అంచున ఉండే పిన్నుల వరుస) 41వ పిన్‌కి, బి లైన్ 42కి వచ్చాయి. ఈ పిన్నులు ప్రాసెసర్‌లో ఎల్‌సిడి డేటా 4, 5. మానిటర్ కోసం ఉండే హెచ్‌డిఎంఐ ఆపేస్తే ఖాళీ అవుతాయి కాబట్టి వాడుకోవచ్చని అనిపిస్తుంది. అయితే ఎల్‌సిడి డేటా లైన్లు పదహారింటికీ ఇంకో పని కూడా ఉంది. రీసెట్ నుంచి బయటికొచ్చే క్షణంలో ప్రాసెసర్ వాటి స్థితి చదివి, ఎక్కడి నుంచి బూట్ కావాలో నిర్ణయించుకుంటుంది. వాటినే సిస్‌బూట్ పిన్నులంటారు. పి8లో 31 నుంచి 46 దాకా ఉన్నవన్నీ అవే.

బీగల్‌బోన్ బ్లాక్‌లో కింది ఐదు బిట్లు మామూలుగా 11100. అంటే బూట్ వెతికే వరుస ఇది: ముందు బోర్డు మీది ఇఎంఎంసి మెమరీ చిప్, తర్వాత ఎస్‌డి కార్డు, ఆ తర్వాత సీరియల్, యుఎస్‌బి. ఎడమ చివరి ఒకటి పి8-41 మీద ఉంది. బోర్డు దాన్ని 100 కిలో ఓముల రెసిస్టర్‌తో పైకి పట్టి ఉంచుతుంది. లైన్ని గ్రౌండ్‌కి లాగే ఎన్‌కోడర్ లోపలి ట్రాన్సిస్టర్ ఆన్‌లో ఉంటే దాని ముందు ఆ రెసిస్టర్ ఎంత? పిన్ సున్నాకి దిగిపోతుంది, ఐదు బిట్లు 01100 అవుతాయి, బూట్ వరుస మొత్తం మారిపోతుంది. బోర్డు ఇఎంఎంసిలోని లినక్స్‌ని వదిలేసి ఇంకెక్కడో వెతుక్కుంటూ కూర్చుంటుంది. పవర్ లైటు వెలుగుతూనే ఉంటుంది.

కరెంటు పోయినప్పుడు చక్రం ఎక్కడ ఆగిందన్నదాన్ని బట్టి ఎ లైన్ కొన్నిసార్లు పైన, కొన్నిసార్లు కింద ఉంటుంది. పైన ఉంటే లేస్తుంది, కింద ఉంటే లేవదు. ఒక పల్సు పొడవు చక్రం అంచు మీద అర మిల్లీమీటరు, కాబట్టి వేలితో కాస్త కదిపినా స్థితి మారే అవకాశం ఉంది. పెద్దాయన చేసింది అక్షరాలా అదే. బి లైన్ తప్పేమీ లేదు, పి8-42 మీది బిట్‌కి బూట్ వరుసతో పని లేదు.

నిర్ధారణకి ఎ తీగ ఊడదీసి, పి8-41ని 1 కిలో ఓము రెసిస్టర్‌తో గ్రౌండ్‌కి కలిపి పవర్ ఇచ్చాం. లేవలేదు. రెసిస్టర్ తీసేసి ఇచ్చాం. లేచింది. బోర్డులో లోపం లేదని షావుకారు గారికి అక్కడే చూపించాను.

ఎక్కడికి మార్చాలి

బీగల్‌బోన్ బ్లాక్‌లోని ఏఎం3358 ప్రాసెసర్‌లో మూడు పిడబ్ల్యుఎం సబ్‌సిస్టమ్‌లు ఉన్నాయి. ఒక్కోదానిలో ఒక ఈక్యూఈపీ ఉంటుంది, ఎన్‌కోడర్ లెక్కించడానికే పుట్టిన సర్క్యూట్. రెండు లైన్ల అంచులు చూసి, దిశ తేల్చి, 32 బిట్ల రిజిస్టర్‌ని పెంచడమో తగ్గించడమో చేస్తుంది. ప్రాసెసర్ ఏ పనిలో ఉన్నా దానికి సంబంధం లేదు. సెకనుకి 2000 అంచులు దానికి లెక్కే కాదు.

దొంగ పల్సుల విషయంలో కూడా ఇది మేలు. మోటారు డ్రైవ్ పక్కనే ఉన్న షెడ్డులో ఒక లైన్ మీద చిన్న స్పైక్ వచ్చిందనుకోండి. అది ఎక్కుతుంది, వెంటనే దిగుతుంది. ఇలా రెండు లైన్లూ చూసే క్వాడ్రేచర్ లెక్కలో అది ఒక అడుగు ముందుకి, ఒక అడుగు వెనక్కి, మిగిలేది సున్నా. షియర్ కొట్టినప్పుడు రేకు అదిరి చక్రం ఒకే అంచు మీద అటూ ఇటూ ఊగినా అంతే. ఎ లైన్ ఎక్కే అంచులు మాత్రమే లెక్కించే ప్రోగ్రామైతే అదే ఊపుకి లెక్క పెంచుకుంటూ పోతుంది.

ఇక పిన్నులు. రెండో నంబరు ఈక్యూఈపీ రెండు చోట్ల బయటికొస్తుంది. ఒకటి ఆ పి8-41, 42లే. ఇంకొకటి పి8-12, 11, వీటిలో 12 ఎ లైన్, 11 బి లైన్. ఇవి సిస్‌బూట్ పిన్నులు కావు, ఇఎంఎంసి వాడేవి కావు, హెచ్‌డిఎంఐకి కూడా పని లేదు. ఒకటో నంబరు ఈక్యూఈపీ లైన్లు పి8-35, 33 మీద ఉంటాయి, అవి మళ్లీ బూట్ పిన్నులే. ఆ రెండు బిట్లూ సున్నాగా ఉండాలని ప్రాసెసర్ మాన్యువల్ చెబుతుంది. కాబట్టి ఒకే ఎన్‌కోడర్ ఉన్నవాళ్లు ఆలోచించకుండా పి8-12, 11 తీసుకోవాలన్నది నా గట్టి అభిప్రాయం. బూట్ పిన్నుల మీదే ఉంచి, రీసెట్ అయ్యేదాకా లైన్ని ఆపి ఉంచే బఫర్ పెట్టడం కూడా సాధ్యమే. ఖాళీ పిన్నులు పక్కనే ఉండగా ఆ అదనపు చిప్ ఎందుకు?

తీగలు మార్చేటప్పుడు చూడాల్సింది వోల్టేజీ. ఈ బోర్డు పిన్నులు 3.3 వోల్టులకి మించి తట్టుకోవు, బోర్డుకి పవర్ లేనప్పుడు వాటి మీద ఏ వోల్టేజీ ఉండకూడదు. ఓపెన్ కలెక్టర్ ఎన్‌కోడర్‌తో ఇది తేలిక. అది లైన్ని కిందికి లాగడం తప్ప పైకి నెట్టదు. పైకి పట్టే రెసిస్టర్‌ని బోర్డు సొంత 3.3 వోల్టులకి, అంటే పి9 హెడర్ 3వ పిన్‌కి కలిపితే రెండు షరతులూ తీరతాయి. పాత ప్యానెల్‌లో 10 కిలో ఓములు ఉంటే 2.2 కిలో ఓములకి తగ్గించాం, పొడవాటి కేబుల్ మీద ఎక్కే అంచు నిటారుగా రావడానికి. మధ్యలో 3.3 వోల్టుల మీదే నడిచే 74హెచ్‌సి14 ష్మిట్ ట్రిగ్గర్ (అంచుల్ని శుభ్రం చేసే చిప్) పెట్టాం. అది రెండు లైన్లనీ తిరగేస్తుంది, రెండూ తిరగబడితే దిశ మారదు. షీల్డ్ ఉన్న కేబుల్‌ని మోటారు తీగలకి దూరంగా లాగి, షీల్డ్‌ని ప్యానెల్ వైపు మాత్రమే గ్రౌండ్ చేశాం.

"ఎనేబుల్" అంటే ఒక స్విచ్చి కాదు

తీగలు సరైన చోటికి వచ్చాక కూడా లెక్క రాదు. మూడు తలుపులు వరుసగా తెరవాలి, మూడింటిలో ఏది మూసి ఉన్నా పైకి కనిపించేది ఇంచుమించు ఒకటే, లెక్క లేకపోవడం. చాలామంది ఇక్కడే విసిగిపోయి మళ్లీ ఇంటరప్టుల దారికి పోతారు.

మొదటిది డివైస్ ట్రీ, బోర్డులో ఏ పరికరాలు ఉన్నాయో కెర్నల్‌కి చెప్పే జాబితా. రెండో పిడబ్ల్యుఎం సబ్‌సిస్టమ్, దాని లోపలి ఈక్యూఈపీ, రెండు నోడ్లూ మామూలుగా "డిసేబుల్డ్" అని ఉంటాయి. ఓవర్లేలో (ఆ జాబితాకి మనం చేర్చే సవరణ ఫైల్) రెండిటికీ స్టేటస్ "ఓకే" అని రాయాలి. లోపలిదానికి మాత్రమే రాసి పైదాన్ని వదిలేస్తే, గుమ్మం మూసి గది తలుపు తెరిచినట్టే. డ్రైవర్ అక్కడిదాకా రాదు, కెర్నల్ లాగ్‌లో తప్పు కూడా కనిపించదు. ఈ ఓవర్లేని లినక్స్ కన్నా ముందు నడిచే యూబూట్ లోడ్ చేయాలి, అంటే బూట్ ఫోల్డర్‌లోని యూఎన్వ్ టెక్స్ట్ ఫైల్‌లో ఓవర్లేలు ఆన్ చేసి మన ఫైల్ పేరు ఇవ్వాలి. కేప్ మేనేజర్ స్లాట్స్ ఫైల్‌లోకి పేరు పంపే పాత పద్ధతి పాత కెర్నల్‌లకే, ఇప్పటి లినక్స్ ఇమేజ్‌లలో వెతికితే ఆ ఫైలే ఉండదు. ఈ తలుపు తెరుచుకుందో లేదో తెలుసుకోవడం తేలిక, సిస్‌ఎఫ్ఎస్‌లో (కెర్నల్ పరికరాల్ని ఫైళ్లుగా చూపే చోటు) కౌంటర్ బస్సు కింద ఒక పరికరం కనిపించాలి.

రెండోది పిన్ మోడ్. పి8-12 ప్రాసెసర్‌లో జీపీఎంసి ఏడీ12, పి8-11 ఏడీ13. రెండూ మోడ్ 4లో ఈక్యూఈపీ ఇన్‌పుట్లు అవుతాయి. పిన్ కంట్రోల్ రిజిస్టర్‌లో రాయాల్సిన విలువ హెక్సాలో 2సి: మోడ్ 4, ఇన్‌పుట్ బఫర్ ఆన్, లోపలి పుల్ ఆఫ్. ఇన్‌పుట్ బఫర్ బిట్ మరిచిపోయి హెక్సా 0సి రాసినవాళ్లకి పిన్ మోడ్ సరిగ్గానే కనిపిస్తుంది, లెక్క మాత్రం రాదు. యూనివర్సల్ కేప్ (పిన్ మోడ్‌ని కమాండ్‌తో మార్చనిచ్చే ఓవర్లే) ఉన్న ఇమేజ్ అయితే కాన్ఫిగ్ పిన్ కమాండ్‌తో "క్యూఈపీ" అని చెబితే సరిపోతుంది. కానీ అది బూట్ అయిన ప్రతిసారీ చెప్పాలి. ఫ్యాక్టరీ షెడ్డులో అలా ప్రతిసారీ చేయాల్సిన పనులు వద్దు, ఓవర్లేలోనే రాసేయడం మేలు. డీబగ్ ఎఫ్ఎస్‌లోని పిన్ జాబితాలో ఆ రెండు పిన్నుల విలువ 2సి అని కళ్లారా చూసి ముందుకు పోవాలి.

మూడోది డ్రైవర్. 5.10 కెర్నల్‌లో కౌంటర్ పరికరం కింద "కౌంట్", "సీలింగ్", "ఫంక్షన్", "ఎనేబుల్" అనే ఫైళ్లు ఉంటాయి. పాత పాఠాల్లో కనిపించే "పొజిషన్" అనే ఫైల్ వేరే డ్రైవర్‌ది, ఇక్కడ ఉండదు. అందరూ "ఎనేబుల్"లో 1 రాసి, ఇరుసు తిప్పి, "కౌంట్"లో సున్నా చూసి పిన్నులని అనుమానిస్తారు. అసలు అడ్డు "సీలింగ్". అది గరిష్ఠ స్థానం చెప్పే రిజిస్టర్, రీసెట్ తర్వాత దాని విలువ సున్నా. సున్నా దాటగానే మళ్లీ సున్నాకి రమ్మని చెప్పినట్టు కాబట్టి లెక్క అక్కడే ఉంటుంది. ముందు సీలింగ్ ఇవ్వాలి, ఫంక్షన్‌లో "క్వాడ్రేచర్ ఎక్స్4" పెట్టాలి, చివర్లో ఎనేబుల్. ఈ వరుసని బూట్ అయినప్పుడు తనంతట తానే నడిచే సిస్టమ్‌డి సర్వీసుగా రాసి, కట్టింగ్ ప్రోగ్రామ్ కన్నా ముందు నడిచేలా పెట్టాం.

సీలింగ్‌కి 32 బిట్ల గరిష్ఠం ఇచ్చాం. 0.125 మిల్లీమీటర్ల లెక్కన అది 530 కిలోమీటర్లు దాటిన రేకు, నిండిపోతుందన్న భయం లేదు. కానీ సున్నా దగ్గర నిలబడి చక్రం ఒక్క లెక్క వెనక్కి పోతే సీలింగ్ విలువకి దూకుతుంది. మొదటిసారి ఆన్ చేసినప్పుడు అదే జరిగింది, డిస్‌ప్లే మీద 4294967295. పెద్దాయన చూసి "ఏటి బాబూ, నాలుగొందల కోట్లు సూపిత్తంది!" అన్నారు. తప్పేమీ కాదు, దాన్ని మైనస్ ఒకటిగా చదవాలి. ప్రోగ్రామ్‌లో సైన్డ్ 32 బిట్ల సంఖ్యగా మార్చి చదివితే సర్దుకుంది.

లెక్క పోకపోయినా మిగిలే పని

హార్డ్‌వేర్ కౌంటర్ లెక్క పోగొట్టదు. కానీ మన ప్రోగ్రామ్ దాన్ని ఆలస్యంగా చదివితే మోటారు ఆలస్యంగానే ఆగుతుంది. సెకనుకి 250 మిల్లీమీటర్ల వేగంలో 10 మిల్లీసెకన్ల ఆలస్యం అంటే రెండున్నర మిల్లీమీటర్లు. అందుకని చివరి 200 మిల్లీమీటర్లలో డ్రైవ్‌కి తక్కువ వేగం ఇచ్చి, సెకనుకి 40 మిల్లీమీటర్లతో పాకించాం. అదే ఆలస్యం అప్పుడు అర మిల్లీమీటరు లోపే. ప్రతి కోతకి కౌంటర్‌ని సున్నా చేయడం కూడా మాన్పించాం. షియర్ దిగినప్పటి విలువని గుర్తుపెట్టుకుని తర్వాతి రేకుని అక్కడి నుంచి తీసివేతతో కొలిస్తే చాలు.

చివరగా చక్రం క్రమాంకనం. 300 అన్నది చక్రం అమ్మినవాడి మాట, రబ్బరు అరిగాక అది నిజం కాదు. 20 అడుగుల రేకు ఒకటి కోయించి స్టీలు టేపుతో కొలిచి, టేపు చూపిన పొడవుకి రావాల్సిన లెక్కలకీ (సరిగ్గా 6096 మిల్లీమీటర్లైతే 48,768) వచ్చిన లెక్కలకీ నిష్పత్తి తీసి ప్రోగ్రామ్‌లో పెట్టాం. ఇది రబ్బరు అరిగేకొద్దీ మళ్లీ చేయాల్సిన పని కాబట్టి ఎలా చేయాలో తెలుగులోనూ ఒడియాలోనూ రాసి ప్యానెల్ తలుపు లోపల అంటించాం.

ఇప్పుడు పూర్తి వేగంలో కోసిన 12 అడుగుల రేకుల్లో తేడా రెండు మిల్లీమీటర్ల లోపే ఉంటోంది. ఎన్‌కోడర్ ఎ లైన్‌ని కావాలని కింద ఆపి, పైన ఆపి, మెయిన్ స్విచ్చి తీసి వేసి చూశాం. ప్రతిసారీ బోర్డు లేచింది. పి8-41, 42 ఖాళీ అయ్యాయి కాబట్టి హెచ్‌డిఎంఐ మళ్లీ ఆన్ చేసి, ఆర్డర్ల జాబితా కనిపించేలా షావుకారు గారు ఒక మానిటర్ పెట్టించుకున్నారు.

పక్కన రిడ్జ్ క్యాప్ మిషన్‌కి కూడా ఇదే బోర్డుతో రెండో ఎన్‌కోడర్ కావాలంటున్నారు. హెచ్‌డిఎంఐ వాడుకలో ఉంది కాబట్టి ఒకటో నంబరు ఈక్యూఈపీ కుదరదు, సున్నా నంబరుదే దారి: పి9-42 ఎ లైన్, పి9-27 బి లైన్. పి9-42 పిన్‌కి ప్రాసెసర్ కాళ్లు రెండు కలిసి ఉంటాయి, ఈక్యూఈపీకి పనికొచ్చేది అందులో ఒకటే. రెండోదాన్ని ఓవర్లేలోనే ఇన్‌పుట్‌గా పెట్టి, ఆ తర్వాతే తీగ కలపాలి.